కోయని సొరకాయ

ఆదివారం పొద్దున్నే ఇల్లాలు కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్ళి, పందిరికి వేలాడుతున్న సొరకాయను చూపుడువేలితో నొక్కి చూసింది. గోరు మెత్తగా దిగింది. లేత. ఇవాళ కోయకపోతే రేపటికి ముదురుతుంది.

ఆ తీగకు నిలిచిన ఒకే ఒక్క కాయ అది. పక్కనున్న వంగమొక్క పూత పూయడమే తప్ప కాయ ఎరగదు. టమాటా మొక్క ఆకులతోనే సరిపెట్టుకుంది. అయినా ఆమెకు ఆ ఒక్కటి చాలు. మధ్యాహ్నం భోజనానికి పెద్దవదిన వస్తోంది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన ఆడపడుచు. పోయినేడు ఇదే పెరట్లో నిలబడి, నలుగురి ముందూ, "మా మరదలు నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుంది" అంది. ఆ మాట అన్న నోటికే ఈ సొరకాయ కూర తినిపించి, దానితోనే బాగుందనిపించాలి. ఇల్లాలి పట్టుదల అంతా ఆ ఒక్క ముద్ద మీదే ఉంది.

కొబ్బరికాయ కోసం సంచీ పుచ్చుకుని బయల్దేరుతూ, గేటు దగ్గర్నుంచే కేకేసింది. "ఏవండీ, మీ అక్క వచ్చేలోపు సొరకాయ కొయ్యండి! భయపడకండి, ధైర్యంగా కొయ్యండి!"

వరండాలో గడ్డం గీసుకుంటున్న భర్త చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన బీమా ఏజెంటు. పెళ్ళైన నాటి నుంచీ "ఇక సొరకాయలు కోసింది చాలు" అని ఆపడమే తప్ప, కొయ్యమని ఆమె ఏనాడూ అనలేదు. ఇవాళ తనంతట తనే లైసెన్సు ఇచ్చేసింది.

సరిగ్గా అప్పుడే అక్క ఫోను చేసింది.

"ఏరా, ఏం వండిస్తున్నావు?"

"బజారు మొహం చూసే పనే లేదక్కా! కంచంలో పడేదంతా పెరటిదే. వంకాయలు ఒక్కోటీ నీ హ్యాండుబ్యాగంత ఉన్నాయి. టమాటాలు కోసి కోసి మీ మరదలి చేతులు కాయలు కాశాయనుకో!"

"నిజంగానా! అయితే మా తోటల సంఘం అధ్యక్షుణ్ణి కూడా వెంటబెట్టుకొస్తా."

"సంఘం మొత్తాన్నీ తీసుకురా!" అన్నాడాయన. ధైర్యంగా కొయ్యమన్నాక పిసినారితనం దేనికి?

కొబ్బరికాయతో తిరిగొచ్చిన ఇల్లాలికి సొరకాయ పందిరికే కనిపించింది.

"ఇంకా కొయ్యలేదేం?"

"కోశానే! ఏమాత్రం లోటు రానివ్వలేదు."

"ఏదీ? ఎక్కడ పెట్టారు?"

"పెట్టడమేమిటి? ఫోన్లో కోశాను."

సంగతంతా విని ఆమె మెట్టు మీద కూలబడింది. "నేను కొయ్యమన్నది కాయనండీ!"

"మరి భయపడొద్దన్నావు?"

"స్టూలెక్కడానికి!"

నిజం చెప్పేస్తే పోతుంది. కానీ ఇన్ని అబద్ధాల మధ్య తన ఒక్క కాయను ఎవరు నమ్ముతారు? ఆమె ఇలా ఆలోచిస్తుండగానే ఆయన బజారుకెళ్ళి రెండు సంచులతో వచ్చేశాడు. కుట్టుమిషను డబ్బాలోంచి దారం తీసి మొక్కల దగ్గర చతికిలబడ్డాడు.

"ఏం చేస్తున్నారు?"

"కాయిస్తున్నాను."

ఆపాలనే వెళ్ళింది. వెళ్ళి చూస్తే వంకాయ టమాటా మొక్కకు వేలాడుతోంది, అదీ తలకిందులుగా. వంకరగా మడిచిన తువ్వాలునే చూస్తూ ఊరుకోలేని మనిషికి అది కంట్లో నలుసయింది. "ఇలా తెండి. తెల్లదారమా? ఆకుపచ్చది తేలేకపోయారూ? అబద్ధమాడినా అతికినట్టుండాలి!" అంటూ ఒక్కొక్కటీ విప్పి, తొడిమలు సరిచూసి ఆకుపచ్చ దారంతో మళ్ళీ కట్టింది. ఆ ధ్యాసలో సొరకాయ సంగతి ఇద్దరూ మరిచారు. ఇంతలో గేటు చప్పుడైంది.

అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. నోటి పళ్ళైనా చెట్టు పళ్ళైనా ఆయనకు ఒకటే ఆప్యాయత. వస్తూనే వంగమొక్క ముందు వంగి, "చిగుళ్ళు భేషుగ్గా ఉన్నాయి!" అన్నాడు. ఆపైన లావుపాటి వంకాయను పట్టి, ఒక మెలిక తిప్పి లాగాడు. దారం గట్టిది. మొక్క వేళ్ళతో సహా ఊడొచ్చింది.

"అయిపోయింది, నొప్పేం ఉండదు," అన్నాడాయన మొక్కతో.

పెద్దవదిన కళ్ళజోడు సవరించుకుంది. "ఒరేయ్, వంకాయకి దారమేమిట్రా?"

"హైబ్రీడక్కా!"

ఇల్లాలు ఇక ఆగలేకపోయింది. "వదినా, ఇవన్నీ బజారువే. నేను పండించింది ఆ సొరకాయ ఒక్కటే."

"అది మాత్రం ఏ కొట్లోదో!"

ఆమె తన చేతులకేసి చూసుకుంది. తీగకు పురుగు పడితే ఆకు ఆకూ తుడిచిన చేతులే అవి. ఇప్పుడు వాటి నిండా ఆకుపచ్చ దారప్పోగులు. ఏ మొహంతో వాదిస్తుంది? "మీరే చూసుకోండి వదినా," అని స్టూలు తెచ్చి వేసింది.

వదిన చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కింది. తొడిమ చుట్టూ తడిమింది. డాక్టరు జేబులోంచి టార్చి తీసి కిందనుంచి వేశాడు. "ముడి కనబడటం లేదు. లోపలెక్కడో దాచుంటారు."

వదిన రెండు చేతులతో కాయను లాగింది. రాలేదు. "కొంచెం ఓర్చుకోండి," అంటూ డాక్టరూ ఒక చెయ్యి వేశాడు. గుంజ ఫెళ్ళున విరిగింది. కర్రలూ తీగా ఆకులూ, వాటితోపాటు హెడ్మిస్ట్రెసూ డాక్టరూ మెత్తగా నేలకు దిగారు.

ఆకుల కుప్పలోంచి ముందు సొరకాయ లేచింది, దాన్ని పట్టుకుని వదిన లేచింది. చెవి మీద తెల్లటి సొరపువ్వు. కాయ ఇంకా తీగను వదల్లేదు. వదిన తొడిమను తిప్పి తిప్పి చూసింది. భుజాలు మెల్లగా కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, చివరికి నవ్వు కట్టలు తెంచుకుంది.

"పందిరి కూలినా పట్టు వదల్లేదే! కత్తి పట్రా మరదలా, దీన్ని నేనే కోస్తా."

మధ్యాహ్నం ముగ్గురికీ కూర వడ్డించి ఇల్లాలు గరిటెతో అలాగే నిలబడిపోయింది. వదిన కంచంలోదంతా తింది. తిని, గిన్నె తనవైపు లాక్కుంది. అడుగూ అంచూ గీకి వడ్డించుకుంది.

"ఉప్పు ఒక్క రవ్వ తగ్గింది," అంది.

ఆడపడుచుల భాషలో దాన్ని మెచ్చుకోవడం అంటారు.