కంచరగాడిద మూడో గుట్ట మీద బోల్టు సంగ్రామం

శ్రీమత్సస్క్వెహానా మహానదికి పడమటి గట్టున, పెన్సిల్వేనియా ఖండమున, ఆపిల్ చెట్లింకా పూతకు రాని ఏప్రిల్ మాసమున, బుధవారమున, బాలభాస్కరుడు జెయింట్ వీల్ పైబుట్టను దాటి వచ్చిన శుభఘడియయందు, జెర్బీ తోట అను వినోదోద్యానమున, మూడు తరాల జనాన్ని వీపున మోసి కుదిపి ఎగరేసి దించిన కంచరగాడిద అను కొయ్య రోలర్ కోస్టర్ వెన్నుపై జరిగిన మహాహవమును వర్ణింపబూనితిని. వినువారు కాఫీ పక్కన పెట్టుకొని స్థిమితంగా వినుడు. కథ పెద్దది కాదు. బోల్టు మాత్రం పెద్దదే.

ఆ కంచరగాడిదకు కావలికాడొకడు కలడు. సుత్తిహస్తుడు, పెన్సిల్ కర్ణుడు, పర్వతసమాన మొండితన సంపన్నుడు, ఎడమ మోకాలి నొప్పిచే నిత్యపీడితుడు, లమార్ ఫెన్‌స్టర్‌మాకర్ నామధేయుడు. నలభై రెండేళ్ళుగా ప్రతి ఉదయం తోట తలుపులు తెరవకముందే ఆ పట్టా పొడవునా నడిచి, పలక పలకనూ సుత్తితో తట్టి, చెవి వంచి వినడం అతని వ్రతం. మంచి చెక్క టక్కుమంటుంది, పుచ్చినది బొప్పుమంటుంది. ఆ రెంటికీ తేడా అతడు నిద్రలో కూడా చెప్పగలడు.

అట్టి కంచరగాడిదకు ఆ ఏడు కాయకల్పము సంప్రాప్తించినది. కొయ్య కాళ్ళూ దూలాలూ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, వాటిపైన ఎనిమిది పొరల పలకలతో చేసిన పాత పట్టాను ఊడబీకి, ఉక్కు పట్టా వేయాలని యజమానులు నిశ్చయించారు. బండి ఇకమీదట తలకిందులుగా కూడా తిరుగుతుందట. అందుకై దూరపు ఐడహో దేశం నుండి ఉక్కు పనివారి దండొకటి దిగింది. దానికి సేనాని ముప్పై ఏళ్ళ మారిసెలా కింటానా.

ఉక్కు పట్టా మొదటి ముక్క బిగించిన నాడు మన వీరుడు అలవాటు చొప్పున దానినీ సుత్తితో తట్టాడు. అది ఖంగున మోగగా తోటలోని పావురాలన్నీ ఒక్కమారు లేచాయి, పనివారు భోజనం గంట అనుకొని నిచ్చెనలు దిగిపోయారు.

"చెక్క జవాబు చెబుతుంది. ఇది అరుస్తుంది," అన్నాడు లమార్. అతనికి నిజంగా బాధ కలిగింది.

అయితే ఆ బుధవారపు సంగ్రామానికి కారణం ఆ బాధ కాదు, భయం. కంచరగాడిద వడ్రంగులకు ఒక ఆచారముంది. పలక మార్చినవాడు దానిమీద పై పొర వేసి మేకులు కొట్టే ముందు, కనబడకుండా పోయే ముఖాన పెన్సిలుతో తన పేరూ సంవత్సరమూ రాస్తాడు. ఇప్పుడు పొరలన్నీ విడదీస్తుంటే ఆ పేర్లు మొదటిసారి ఎండ చూస్తున్నాయి. వాటిని వాఫుల్ కొట్టు ముందు పచ్చికలో పరిచి, ఊరి జనం వినేటట్టు మైకులో చదువుతున్నారు. చదివేది వాఫుల్ కొట్టు మహారాణి వెర్నా. ఒకప్పుడు భర్త హెర్నియా ఆపరేషనై మంచమెక్కితే ఆరు వారాలు అతని సుత్తి తానే పట్టి, ఆ సంగతి నేటికీ ఎవరినీ మరవనివ్వని ధీరురాలు. లమార్ ధర్మపత్ని.

లమార్ రహస్యం పట్టా మూడోసారి పైకి లేచే చోట, మూడో గుట్ట కొసన ఉంది. పెళ్ళికి రెండేళ్ళ ముందు, 1984 వసంతాన, టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే ఆర్లీన్ అనే అమ్మాయి మీద అతనికి ఐదు వారాల ప్రేమ కలిగింది. ఆ మైకంలో ఒక పలక మీద తన పేరు పక్కన ఆమె పేరు రాసి, చుట్టూ హృదయాకారం గీసి, పైపొర వేసి బోల్టు బిగించాడు. ఆర్లీన్ పళ్ళ డాక్టరును చేసుకుంది. అంతటితో పోయేదే. కానీ తర్వాత వెర్నాకు మోకాలు వంచి ఉంగరం చూపించిన రోజున, "ఈ కంచరగాడిద మీద నీ పేరు తప్ప ఇంకో ఆడపిల్ల పేరు రాయలేదు," అని ఒట్టు పెట్టాడు. అందులో రెండు అబద్ధాలున్నాయి. ఆర్లీన్ పేరు రాశాడు. వెర్నా పేరు రాయలేదు.

"మూడో గుట్ట జోలికి మీరెవరూ రాకండి. అది నేను విప్పుతా," అన్నాడు లమార్ ఆ ఉదయం.

"ఎందుకు పెద్దాయనా? క్రేన్‌తో పది నిమిషాల పని," అంది మారిసెలా.

"దాని సంగతి నీకు తెలీదమ్మాయ్. మహా మొండిది."

"అదా, మీరా?" మారిసెలా వాచీ చూసుకుంది. "సరే, పన్నెండు దాకా మీది. ఆ తర్వాత రంపం పెట్టి ముక్క మొత్తం కిందికి దింపేస్తా. మీ ఆవిడ చదువుకుంటుంది."

ఆ చివరి మాట వినగానే వీరుని మోకాలు నొప్పి మరచింది. సంచిలో పానా, నూనె డబ్బా, ఆకురాయి, చిన్న గునపం, గుప్పెడంత చిత్రిక వేసుకొని గుట్టెక్కాడు. వ్యూహం సులభం. బోల్టు తీయాలి, పొరలు విడదీయాలి, చిత్రికతో నాలుగు పట్లు పట్టి ఆర్లీన్‌ను పొట్టుగా గాలికి వదిలేయాలి.

పొరలన్నిటినీ పట్టి ఉంచిన ఆ బోల్టు తుప్పుకవచధారియై, షడ్భుజ నట్టు కిరీటియై, ధిక్కారమూర్తియై నిలిచి ఉంది. అంతట లమార్ దానిని చూచి ఇట్లు గర్జించెను:

"ఓరీ లోహాధమా! ఇన్నాళ్ళు నా గుట్టు కాపాడితివి, నీ సేవకు మెచ్చితిని. నేడు మర్యాదగా దారి విడువుము. విడువవేని, ఈ పానాయుధమున నీ మరల గర్వమడంచి, నిన్ను తుప్పు డబ్బాకు అతిథిని గావింతును!"

ఇది కవి విన్న మాట. పక్క దూలం మీదున్న మారిసెలాకు వినబడింది మాత్రం, "రావే తల్లీ, నీకు దణ్ణం పెడతా," అని.

పానా వేశాడు. నట్టు కదలలేదు. నూనె పోశాడు, రెండు చేతులా లాగాడు, చివరికి పానా పిడి మీద తన శరీరభారమంతా మోపి వేలాడాడు. అతడు కదిలాడు గానీ అది కదలలేదు. వంగి చూడగా కారణం తెలిసింది. నట్టు ఎప్పటికీ ఊడకుండా ఎవరో బోల్టు కొసను సుత్తితో నలగ్గొట్టి, పుట్టగొడుగులా చేసి వదిలారు. అది వడ్రంగుల పాత కిటుకు. ఇంకెవరు, తానే కొట్టి ఉంటాడు. 'వయసులో ఉన్నప్పుడు నా చేతిలో ఎంత సత్తువ ఉండేది!' అని ఆ కష్టంలో కూడా మురిసిపోయాడు.

ఇంతలో దిగువనుండి మైకు మోగింది.

"రెండో గుట్ట, చివరి పలక. హెర్మన్ ష్నేడర్, 1971. వాన పడుతోందట. ఆ ముక్క కూడా రాశాడు పాపం," అంది వెర్నా గొంతు. జనం నవ్వారు. "ఇక మూడో గుట్ట రావాలి. లమార్! పైన పని చేస్తున్నావా, కునుకు తీస్తున్నావా?"

ఆ పిలుపు వీరుని చెవులలో కాలఘంటయై మ్రోగింది. ఆకురాయి తీసి బోల్టు కొసను రాయసాగాడు. తుప్పు రజను ఎర్రగా రాలింది. పదకొండుంపావు, పదకొండున్నర, ముప్పావు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

మారిసెలా రంపం పట్టుకొని వచ్చి కాసేపు చూసింది. "ఇటివ్వండి, క్షణంలో కోసేస్తా."

"వద్దమ్మాయ్. ఇది నేను బిగించింది. నేనే విప్పాలి."

ఆమె రంపం కింద పెట్టి, కదులుతున్న పలకను రెండు చేతులా అదిమి పట్టింది. అప్పుడు పానా మరల పడింది, మోకాలు మరల నొచ్చింది, సింహనాదమొకటి గుట్ట దద్దరిల్ల వెలువడింది. అది లమార్‌ది కాదు, నట్టుది. కీచుమని అరచి పావు చుట్టు తిరిగింది. తరువాత అరచుట్టు. తరువాత ఆ మహాబోల్టు జానెడు పొడవున ఊడి వచ్చి, వెచ్చగా అతని అరచేతిలో పడింది.

గునపంతో పొరలు విడదీశాడు. చిత్రిక పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలిచింది.

పలక మీద హృదయాకారం ఉంది, లమార్ ఉన్నాడు, ఆర్లీన్ ఉంది. దాని కింద ఇంకొకరి దస్తూరిలో, ఒత్తి రాసిన పెన్సిలు అక్షరాలు కూడా ఉన్నాయి: "చూశాను. మళ్ళీ మూసేశాను. బోల్టు కొస నలగ్గొట్టింది నేనే, ఇంకెవరూ చూడకూడదని. నీ మేకుల కంటే నావే సూటిగా దిగాయి. వెర్నా ఫెన్‌స్టర్‌మాకర్, 1993."

హెర్నియా వసంతం! ఆ ఆరు వారాల్లో ఏ పలకలు మార్చావని లమార్ ఆమెను ఏనాడూ అడగలేదు. ఇంతసేపూ తాను పోరాడింది తన పడుచుతనంతో కాదు, భార్య సుత్తి దెబ్బతో. ముప్పై ఏళ్ళపాటు ఆ మనిషి అతనికి వాఫుల్ వడ్డించింది, మోకాలికి మందు రాసింది, ఒక్క మాట అనలేదు. లమార్‌కు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

చిత్రిక పడితే ఆర్లీన్ పోతుంది. కాని చెక్క చీలి వెర్నా కూడా పోతుంది. వడ్రంగుల పేర్లలో ఆమె పేరున్న పలక, అతనికి తెలిసినంతలో, అదొక్కటే. చిత్రికను సంచిలో వేశాడు. పలకను భుజానికెత్తుకొని, మెట్టు మెట్టుకూ మూలుగుతూ గుట్ట దిగి, పన్నెండు గంటల సైరను మోగుతుండగా వెర్నా ముందు ఉంచాడు.

వెర్నా పిండి అంటిన చేత్తో కళ్ళద్దాలు సరిచేసుకుంది. పలకను చూసింది, మొగుణ్ణి చూసింది, మైకు దగ్గరికి తీసుకుంది.

"మూడో గుట్ట. లమార్ ఫెన్‌స్టర్‌మాకర్, 1984. వెర్నా ఫెన్‌స్టర్‌మాకర్, 1993." పిండి చేతిని హృదయాకారం మీద ఆనించింది. "మధ్యలో ఇంకేదో ఉంది గానీ, చెక్క పాడైపోయింది. కనబడట్లేదు."

జనం చప్పట్లు కొట్టారు. వెర్నా మైకు ఆపేసి, గొంతు తగ్గించి అంది:

"నా పేరు రాశానని ఒట్టు పెట్టావు కదా. ఏ పలక మీదో చూపించు. పొద్దుటినుంచీ అన్నీ చదివాను, నాకు దొరకలేదు."

"పద, చూపిస్తా," అన్నాడు లమార్.

ఆ మోకాలితోనే మళ్ళీ గుట్టెక్కాడు. ఆమె ఏప్రన్ విప్పకుండానే వెంట ఎక్కింది. ఉక్కు మీద పెన్సిలు పని చేయదు. కాని ఉక్కును మోసే స్తంభాలు ఇప్పటికీ కొయ్యవే. కొత్త పట్టా నీడ పడబోయే, వాన తగలని చోట, చెవి మీది పెన్సిలు తీసి అతడు వెర్నా అని రాశాడు, పక్కన సంవత్సరం వేశాడు.

"ఇప్పుడా రాసేది?" అంది ఆమె.

"ఆలస్యమైంది."

ఆమె అతని నడుముకున్న సుత్తి లాక్కొని స్తంభాన్ని ఒక్క దెబ్బ తట్టి, చెవి వంచి వింది. టక్కుమంది. "చెక్క మంచిదే," అని సుత్తి తిరిగి ఇచ్చేసింది.

ఈ విధముగా ఫెన్‌స్టర్‌మాకర్ వంశోత్తముడు, మూడు గంటల ఘోరసమరానంతరము, ఒక బోల్టును జయించి, ఒక పెన్సిలు పేరును లిఖించి, విజేతయై మధ్యాహ్న భోజనమునకు వెడలెను. ఈ గాథను విన్నవారి నట్లు అడిగినంతనే తిరుగుగాక! చదివినవారి మోకాళ్ళు మెట్లెక్కుగాక! ఇంటివారికి చెప్పవలసినదేదైనా దాచిపెట్టుకున్నవారు, బోల్టు తుప్పు పట్టకముందే విప్పుకొందురుగాక!