సర్ఫేస్ క్యాబిన్

ఆ ఉదయం గోదావరిఖనిలో నర్సింగం వేసుకున్న ప్లాను చిన్నదే. సెకండ్ షిఫ్టుకు గనిలో దిగకముందే దవాఖానకు పోవాలి, తల తిరుగుతోందని చెప్పాలి, సర్ఫేసు మీద, అంటే గని బయట నేల మీద, డ్యూటీ రాయించుకోవాలి. పక్క క్వార్టరు సదానందం కిందటి నెల నిజంగానే తల తిరిగి పైకి వచ్చేశాడు. చెట్టు నీడన కుర్చీలో అతణ్ని చూసినప్పుడల్లా నర్సింగానికి కడుపు భగ్గుమనేది. డాక్టరేమో, "నీకు తల తిరుగుతదని రుజువేది?" అని తిప్పి పంపాడు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో సదానందం. "తమ్మీ, ఓడల అండమాన్ పోతున్నం!"

ఇక ఆగుతాడా మహానుభావుడు! నర్సింగం టికెట్ల ఆఫీసుకు పోయి అదే ఓడకు టికెట్లు అడిగాడు.

"సదానందానికి యాడ ఇచ్చిండ్రు సారూ?"

"కింద, మధ్యలో," అన్నాడు గుమాస్తా.

"గట్లయితే నాకు అందరికంటె పైన, ముందట ఇయ్యుండ్రి. సర్ఫేస్!"

ఇరవై ఎనిమిదేళ్లు గనిలో దిగినవాడికి కింద అంటే శిక్ష, పైన అంటే పదోన్నతి. మరోలా ఎందుకు తోస్తుంది?

ఓడెక్కిన రెండో రోజు అలలు లేచాయి. పై క్యాబిన్ మేడెత్తు లేచి దబ్బున పడుతోంది. రైలింగు పట్టుకుని నడవమని మైకులో చెప్పారు. సదానందం పట్టుకున్నాడు కాబట్టి నర్సింగం పట్టుకోలేదు.

"ఏందయ్యా, మొకం గట్ల పాలిపోయింది?" అంది భార్య అనసూర్య.

"ఏం గాలే. గాలి మింగుతున్న."

తర్వాతి అల అతణ్ని భోజనాల హాలు ఈ చివర నుంచి ఆ చివరకు జార్చి, సరిగ్గా సదానందం సాంబారు పళ్లెంలో పడేసింది.

"మా దగ్గర పండుకో తమ్మీ, కింద ఊపే లేదు," అన్నాడు సదానందం జాలిగా. వాంతికన్నా ఆ జాలే చేదుగా ఉంది నర్సింగానికి.

ఓడ డాక్టరు నవ్వాడు. "బస్సులో వెనక సీటు ఎగరదా? ఓడలోనూ పైన, చివరల్లో ఊపు ఎక్కువ. నడుమ, అడుగున తక్కువ. కిందికి పొండి."

నర్సింగం ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు. "తల తిరుగుతున్నదని రాసియ్యుండ్రి సారూ! గట్టిగ రాయుండ్రి!"

ఆ కాగితం జేబులో పెట్టుకుని, సదానందం పక్క బెర్తులో హాయిగా గుర్రుపెట్టాడు.

తిరిగి రాగానే దవాఖానలో కాగితాన్ని బల్లమీద చరిచి పెట్టాడు. డాక్టరు పైకే చదివాడు: "పై భాగంలో ఉంటే తల తిరుగుడు, వాంతులు. కిందికి దించిన గంటలో పూర్తి ఆరోగ్యం. వీలైనంత అడుగున ఉంచవలెను."

సోమవారం నుంచి నర్సింగానికి గనిలో ఇంకో లెవెలు కింద డ్యూటీ పడింది.