వియత్నాం వల

ఆ మంగళవారం పొద్దున పోలేరయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పన్నెండు రోజులుగా ఒకదాని మీద ఒకటి ఎక్కించి పెట్టిన అంట్లన్నీ తోమేసి, పెళ్లాం వెళ్లిననాడు ఇల్లు ఎట్లా ఉందో అట్లా కనిపించేలా చేయడం. శుక్రవారం మధ్యాహ్నానికి మహాలక్ష్మి వియత్నాం నుంచి దిగుతుంది. ఒక్కతే రాదు, చెన్నై నుంచి కారులో కూడా సుశీల్ కుమార్ గారు వస్తాడు.

ఈ సుశీల్ కుమార్ గారు నెల్లూరు మనిషే. చెన్నైలో పెద్ద దుకాణాలకు ఎండుచేపలు సరఫరా చేస్తాడు. మైపాడు పక్కనున్న ఈ పాలెంలో మహాలక్ష్మి, మరో పదకొండుమంది ఆడవాళ్లు కలిసి ఎండబెట్టిన నెత్తళ్లను పోయినేడు ఆయన కొన్నాడు. కొన్న వారానికే బస్తాలన్నీ వెనక్కి వచ్చాయి. ఇసుక మీద ఎండిన చేప మరి. నోట్లో కరకరలాడుతున్నది నెత్తళ్లు కాదు, మీ సముద్రపొడ్డు అని కబురు కూడా పంపాడు. మహాలక్ష్మి మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇసుక తగలకుండా చేపలు ఎండబెట్టడం చూపిస్తాం, వియత్నాం రమ్మని ఒక సంస్థ వాళ్లు పిలిస్తే, నెల్లూరు దాటి ఎరగని మనిషి విమానం ఎక్కింది అందుకే. ఆమె నేర్చుకొచ్చిన పద్ధతి సుశీల్ కుమార్‌కి నచ్చిందా, ఏడాది పొడుగునా ఈ పాలెం చేపే కొంటాడు. నచ్చలేదా, ఇక ఇటువైపు తొంగిచూడడు.

పోలేరయ్య మూడో గిన్నె తోముతుండగా పోస్టు పని చేసే విజయకుమారి సైకిలు దిగింది.

"అన్నా, నీకు ఫారిన్ నుంచి పార్సిలు. ఈడ సంతకం పెట్టు."

పార్సిలు సంగతి మహాలక్ష్మి ఫోన్లో ముందే చెప్పి ఉంది. "వచ్చేటప్పుడు విమానంలో అంత బరువు ఎక్కనీరంట. అందుకని పోస్టులో వేసినా. ఆ పోస్టాఫీసు పిల్లకి నా మాట తెలీదు, నాకు ఆ పిల్ల మాట తెలీదు. అరగంట సేపు చేతులతోనే మాట్లాడుకున్నాం. ఇంటికాడ ఉండేది నువ్వే గదా, నీ పేరే రాయించినా. నేనొచ్చేదాకా తీయబాక."

తీయకూడదనే పోలేరయ్య కూడా అనుకున్నాడు. కానీ సముద్రాలు దాటి వచ్చిన పార్సిలు, దారిలో ఎన్ని చేతులు విసిరేశాయో, ఒక మూల చినిగి ఉంది. ఆ చినుగులోంచి నీలం రంగు నైలాను అల్లిక కనిపించింది. నలభై ఏళ్లుగా వలల మధ్య బతికిన మనిషికి అల్లిక కనిపిస్తే అది వల కాక మరేమవుతుంది? పైగా బయల్దేరేనాడు, "వస్తా వస్తా నాకొక వల తేమే, నాది చినిగి పీలికలైంది" అని తనే అని ఉన్నాడు. పార్సిలు మీద చూస్తే తన పేరు. ఆయన గుండె నిండిపోయింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. కొత్త వల ఇంట అడుగుపెట్టి యజమాని కంటపడ్డాక మర్నాటి పొద్దుకల్లా దాన్ని తడపాలి. పసుపు పూసి, బొట్టు పెట్టి, గంగమ్మకు మొక్కి మూడుసార్లు సముద్రంలో లాగాలి. పొడిగా ఉంచితే ఆ ఇంటి వలకు ఇక చేప పడదని పాలెంలో అందరి నమ్మకం. పోలేరయ్య బావమరిది సుబ్బును పిలిచాడు.

"అక్క తీయొద్దనింది గదా బావా," అన్నాడు సుబ్బు.

"నేను తీయలా. అదే తెరుచుకునింది."

ఇద్దరూ కలిసి తెరుచుకున్నదాన్ని పూర్తిగా తెరిచారు. రెండు బారల వెడల్పు, చాలా పొడుగు. అంచు పొడుగునా జానెడుకొక ఇత్తడి రింగు.

"చూసినావా, తేలే బెండ్లు కట్టుకోను రింగులు గూడా పెట్టిచ్చింది మీ అక్క."

"కన్ను బో సన్నంగా ఉండాది బావా. దోమ గూడా దూరేట్టు లేదు."

"ఫారిన్ వల అట్టనే ఉంటాది. నీకేం తెలుసు?"

బుధవారం తెల్లారేసరికి వలకు పసుపు అయింది, బొట్టు అయింది. ఒడ్డునే నడుంలోతు నీళ్లలో ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగారు. మొక్కు కోసం మూడుసార్లు లాగుదామనుకుంటే మొదటిసారికే వల బరువెక్కింది. మూడోసారికి మూడు గంపల నెత్తళ్లు, అన్నీ చిటికెన వేలిలో సగం. గంగమ్మ ఎంత చల్లగా చూసిందో చూపించాలని పోలేరయ్యే ఊళ్లోవాళ్లను కేకేసి పిలిచాడు. అందరూ వచ్చారు. పాలెం పంచాయతీ నడిపే పెద్దకాపు కామాక్షయ్య కూడా వచ్చాడు. వచ్చి వల కన్నులో చిటికెన వేలు పెట్టి చూశాడు. దూరలేదు.

"పోలేరయ్యా, పిల్లచేపల్ని ఊడ్చే సన్నకన్ను వల ఈ పాలెంలో వేయకూడదని రెండేళ్ల కింద కట్టుబాటు పెట్టినాం. పెట్టాల్సిందేనని పంచాయతీలో గొంతు చించుకునింది ఎవురు?"

"నేనే మామా."

"వేసినోడికి ఏం శిక్షో చెప్పినోడు?"

పోలేరయ్య తల గోక్కున్నాడు. "అదీ నేనే."

ఆ రోజు తను ఎందుకంత వివరంగా చెప్పాడో ఆయనకు ఇప్పుడు అర్థం కాలేదు. పట్టుకున్న వలను అందరికీ కనపడేలా ఒడ్డున గుంజలకు నడుమెత్తున సాగదీసి కట్టాలి. పడ్డ చేపను తినకూడదు, అమ్మకూడదు, ఆ వల మీదే పరచాలి. మూడు రోజులు కాకీ కుక్కా ముట్టకుండా తప్పు చేసినవాడే కాపలా కాయాలి. మూడోనాడు పొద్దుగుంకగానే వలను కాల్చేయాలి. ఇంత బాగా ఆలోచించినందుకు అప్పట్లో అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు కూడా. సర్వి గుంజలు పాతారు, వల కట్టారు, నెత్తళ్లు పరిచారు. పోలేరయ్య చేతికి ఒక కర్ర ఇచ్చారు.

సాయంత్రం మహాలక్ష్మి ఫోను చేసింది.

"పార్సిలు వచ్చిందా? యాడ పెట్టినావు?"

"ఎత్తున పెట్టినా. ఇసక గూడా తగలకుండా."

"మంచి పని చేసినావు. ఎవురూ ముట్టుకోలేదు గదా?"

"ముట్టుకుంటే పెద్దకాపు ఊరుకోడు."

"ఆయనకెందుకు చెప్పినావు? సరేలే, భద్రం. అది చేపలు పట్టేది గాదు, ఎండేసేది. సుశీల్ కుమార్ గారికి దాంతోనే చూపియ్యాల. అది లేకుంటే నేను ఇంత దూరమొచ్చిందంతా దండగే. ఎట్ట వాడాల్నో వచ్చి చెప్తా. ఉంటా."

పోలేరయ్యకు పెళ్లాం మూడు రోజులు సరిగ్గా ముట్టని అన్నం కంచం కళ్లముందు ఆడింది. పరుగున పోయి కామాక్షయ్య కాళ్లు పట్టుకున్నాడు. అది వల కాదట మామా, అన్నాడు. వల కాకపోతే చేపలెట్ట పడ్డాయిరా, అన్నాడు కామాక్షయ్య. ఒక్కడికి వదిలితే రేపు ప్రతివాడూ నా పెళ్లాం పంపింది అంటాడు, కుదరదు పో అన్నాడు.

తిరిగొచ్చి పోలేరయ్య గుంజ దగ్గర కూలబడ్డాడు. వలను ఎట్లాగూ దక్కించుకోలేడు, కాల్చేలోపు ఆమె వస్తే ఆమెకు కనీసం శుభ్రంగా అయినా చూపించాలనుకున్నాడు. కాకిని వాలనివ్వలేదు. ఈగను ఆననివ్వలేదు. ఒకచోట చేపలు కుప్పపడితే వలకు వాసన పడుతుందని గంటకోసారి అన్నిటినీ వేళ్లతో తిరగేశాడు. పొద్దుగుంకితే మంచు పడుతుందని ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లూ తెచ్చి కప్పాడు. సుబ్బు అన్నం తెస్తే వద్దని పంపేశాడు. గురువారం గడిచింది. శుక్రవారం ఎండ తీక్షణంగా కాసింది.

మధ్యాహ్నం కారు వచ్చింది. ఇంటిదాకా పోకుండా ఒడ్డునే ఆగింది, వల కాల్చేది చూద్దామని ముందే అక్కడ అంతమంది జనం గుమిగూడి ఉంటే ఎవరైనా ఆపుతారు. మహాలక్ష్మి దిగింది. గుంజలు చూసింది, వల చూసింది, వల మూలన ఉన్న పసుపు చూసింది, చివరికి మొగుణ్ణి చూసింది. పోలేరయ్య చేతిలో కర్రను వీపు వెనక్కి దాచుకున్నాడు.

సుశీల్ కుమార్ మాత్రం తిన్నగా వల దగ్గరకు నడిచాడు. ఒక నెత్తలి తీసి విరిచాడు. టప్పుమని విరిగింది. నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని నమిలాడు. పాలెమంతా ఆ కరకర కోసం చెవులు రిక్కించింది. ఎంతసేపైనా రాలేదు.

"ఇసక లేదే," అన్నాడాయన కళ్లు తెరిచి. ఇంకొకటి తిన్నాడు. "వాసన కూడా లేదు. ఎన్నాళ్లయింది ఎండేసి?"

"మూడో రోజు సార్," అన్నాడు పోలేరయ్య నేల చూస్తూ.

"నడుమెత్తున కట్టి, కింద గాలాడేట్టు పెట్టి, ఇంత సమంగా ఎండేసినారు. ఇదేనా అమ్మా మీరు దారంతా చెప్పిన వియత్నాం పద్ధతి? మీరు రాకముందే ఊరికి ఎవరు నేర్పినారు?"

మహాలక్ష్మి నోరు తెరిచేలోపు కామాక్షయ్య గొంతు సవరించుకున్నాడు. "పంచాయతీ తీర్మానం సార్."

సుశీల్ కుమార్ అక్కడికక్కడే మాటిచ్చాడు, వచ్చే నెల నుంచి ఎంత ఎండబెడితే అంతా తనదేనని. పదకొండుమంది ఆడవాళ్లూ మహాలక్ష్మిని చుట్టేశారు. ఆమె వాళ్లను విడిపించుకుని పెద్దకాపు ముందు నిలబడింది.

"మామా, కట్టుబాటు సముద్రంలో వేసే వలకి గదా. ఇది ఇక జన్మలో నీళ్లు చూడదు. నాదీ హామీ."

తీర్మానం తమదేనని ఇంతకుముందే ఒప్పుకున్న పెద్దలు, ఆ తీర్మానాన్ని కాల్చడం బాగుండదని ఏకగ్రీవంగా తేల్చారు.

అందరూ కదిలాక మహాలక్ష్మి మొగుడి దగ్గరకొచ్చింది. ఎండకు మాడిన మొహం, నిద్రలేక ఎర్రబడ్డ కళ్లు. "తీయబాకంటి గదా."

"నేను తీయలా. అదే తెరుచుకునింది."

ఆమెకు నవ్వు ఆగలేదు. కొంగుతో ఆయన మొహం తుడిచి, "మూడు రోజుల్నించి తిన్నావా అసలు? రా, అన్నం వండుతా," అని ఇంటికి తీసుకెళ్లింది. గడపలోనే ఆగిపోయింది. వంటింట్లో తోమిన గిన్నెలు రెండు, తోమనివి పన్నెండు రోజులవి.

వల కాపలా శిక్షను చేపల కాలం అయిపోయేదాకా పొడిగించారు. ఈసారి వేసింది పెద్దలు కాదు, పెళ్లాం.