పంజాగుట్ట చౌరస్తాలో ప్రస్థానం

శుక్రవారం పొద్దున సుమశ్రీ అనుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీలు పొయ్యి మీద పెట్టి, అవి ఉడికేలోగా యూరప్‌కి విమానం టికెట్లు కొనాలి. తర్వాత ఇడ్లీలు దించాలి.

ఆ చిన్న పని వెనక ఉగాది నుంచి పడ్డ శ్రమ ఉంది. డిగ్రీలో హిస్టరీ చదివేటప్పుడు పరీక్ష పటంలో ఆమె చుక్కలు పెట్టిన ఊళ్ళు రోమ్, ప్రాగ్, పారిస్. ఆ చుక్కల మీద ఒకసారి నిలబడి చూడాలన్నది ఆమె కోరిక. భర్త కేదార్ కాదనలేదు. ఖర్చుకి ఒక అంకె చెప్పాడు. ఈ వారంలోగా ఆ అంకెకు దొరక్కపోతే సెలవులకి గోవా వెళ్దామన్నాడు. గోవాలో ఆయనకు తెలిసిన హోటలుంది, ఆ హోటల్లో ఆయనకు తెలిసిన సాంబారుంది. మూడుసార్లు వెళ్ళొచ్చారు.

సుమశ్రీ రోజూ వంట మధ్యలో ఫోన్లో ధరలు చూస్తూ ఒక్కొక్కటే నేర్చుకుంది. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కేలా అన్నీ కలిపి ఒకే టికెట్టుగా కొంటే తగ్గుతుంది. రోజులు అటూ ఇటూ మార్చితే ఇంకా తగ్గుతుంది. చివరికి కేదార్ అంకెకి కాస్త లోపలే ఒక వరస దొరికింది. సెలవుల్లో ఒక శుక్రవారం హైదరాబాద్ నుంచి రోమ్, మంగళవారం ప్రాగ్, ఆదివారం పారిస్, శనివారం తిరుగు ప్రయాణం.

ఆమె అత్తగారు జానకీదేవి పంచాంగం తెరిచి, ఆ వరసని వేలితో నడిపించింది.

"శుక్రవారం పడమటికి వారశూల. మంగళవారం ఉత్తరానికి. ఆదివారం మళ్ళీ పడమటికి. శనివారం తూర్పుకి. ఏ దిక్కుకి ఏ రోజు వెళ్ళకూడదో ఏరి ఏరి పట్టుకున్నావేంటమ్మా?"

"ఆ రోజుల్లోనే చవకండీ అత్తయ్యగారూ."

"చవకెందుకుండదూ? తెలిసినవాడెవడూ ఎక్కడు."

విమాన ఛార్జీల గురించి సుమశ్రీ చదివినవాటిలో ఇంత సూటి కారణం ఎక్కడా కనిపించలేదు.

విరుగుడు కూడా జానకీదేవే చెప్పింది. ప్రస్థానం పెట్టాలి. అంటే ప్రయాణం చేసేవాళ్ళ వస్తువొకటి మంచి వేళ చూసి ముందే వేరే ఇంట్లో ఉంచాలి. అలా ఉంచితే బయల్దేరినట్టే లెక్క. ఇక ఏ రోజు కదిలినా శూల అంటదు. ఈ కాలంలో డబ్బు కట్టడమే బయల్దేరడం కాబట్టి టికెట్లు కొనేముందే పెట్టాలని ఆవిడ తీర్పు.

"మరి ప్రాగ్‌లో ఎవరింట్లో పెడదామమ్మా?" అన్నాడు కేదార్.

"ముందు నువ్వు అమీర్‌పేట దాటరా. అక్కడి సంగతి అక్కడి దేవుడు చూసుకుంటాడు."

గురువారం సాయంత్రం వర్జ్యం వస్తోందన్న హడావుడిలో జానకీదేవి పసుపు గుడ్డసంచిలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, ఒక నిమ్మకాయ వేసింది. ముఖ్యమైన వస్తువు కూడా వేయమని కొడుకుతో చెప్పి, మూట కట్టించి, పడమటి వైపున్న ఎదుటి ఫ్లాట్‌లో పోచమ్మ చేతికిచ్చింది. "విప్పకండి. ఇది మళ్ళీ మా గడప తొక్కకూడదు" అని మాత్రం చెప్పింది. వర్జ్యానికి ముందు అంతకంటే చెప్పే వ్యవధి లేదు.

శుక్రవారం ఇడ్లీలు పొయ్యెక్కాయి. ధర అక్కడే ఉంది. పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ నింపాక, పాస్‌పోర్టు నంబర్లు ఇస్తేగానీ ముందుకు కదలనంది ఆ సైటు. పాతవి గడువు తీరితే కొత్తవి బుధవారమే పోస్టులో వచ్చాయి. జిరాక్సులు ఈ రోజు తీయించాలనుకుంది.

"ఏవండీ, బీరువాలో పాస్‌పోర్టులేవి?"

"ప్రస్థానంలో పెట్టాను."

సుమశ్రీ బీరువా తలుపు ధడాలున మూసింది.

"ముఖ్యమైన వస్తువు వేయమంది కదా అమ్మ. ప్రయాణానికి అంతకంటే ముఖ్యమైందేముంది?" అన్నాడు కేదార్. మాటలో తప్పు లేకపోవడమే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది.

ఇద్దరూ ఎదుటి తలుపు కొట్టారు.

"పోచమ్మగారూ, నిన్న అత్తయ్యగారు ఇచ్చిన సంచి ఒక్క నిమిషం ఇస్తారా?"

"అమ్మో! గా సంచి ఇంట్ల ఉంచుకుంటమా బిడ్డా?"

"ఉంచుకోమనే కదండీ ఇచ్చాం!"

"పసుపు గుడ్డ, చేతికి తాకే నిమ్మకాయ, మూట ఇప్పొద్దు, మా గడప తొక్కొద్దు అంటిరి. మీ దిష్టి దీసి మా నెత్తిన పెడితిరి. గిన్నేండ్ల సంది ఎదురెదురు ఉంటున్నం, మేమేం పాపం జేసినమమ్మా? రాత్రంత కండ్లు మూస్తే ఒట్టు."

"అది దిష్టి కాదండీ, ప్రస్థానం."

"ఏందో. మా కోడలు వనిత ఆఫీసుకు పోతుంటె, పంజాగుట్ట చౌరస్తల పెట్టి ఎనకకు జూడకుండ పొమ్మన్న. పెట్టిన అని ఫోన్ సుత జేసింది. ఇగ మీకు మాకు ఏం ఫికర్ లేదు."

వెనక నుంచి జానకీదేవి గొంతు వినబడింది. "ప్రస్థానం తెలియని ఇళ్ళు కూడా ఉంటాయిటే?"

కేదార్ స్కూటర్ తీశాడు. పంజాగుట్ట చౌరస్తాలో వదిలేసిన వస్తువు ఎంతసేపుంటుందో ఇద్దరికీ తెలుసు. వెనక కూర్చున్న సుమశ్రీ చేతిలో ఫోను. అమీర్‌పేట మెట్రో కింద ఆగినప్పుడు ధర పెరిగింది. తర్వాతి సిగ్నల్ దగ్గర ఇంకాస్త పెరిగింది. సిగ్నల్ సిగ్నల్‌కీ గోవా దగ్గరవుతోంది.

సంచి ఉంది.

మెట్రో స్తంభం మొదట్లో, అందరికీ కనబడేలా, పసుపుపచ్చగా కూర్చుని ఉంది. రోడ్డూడ్చినవాళ్ళు దాని చుట్టూ గుండ్రంగా గీత గీసినట్టు ఊడ్చి, ఆ మధ్య ముక్కని మాత్రం వదిలేశారు. సందు దొరికితే ఫుట్‌పాత్ కూడా ఎక్కే బైకులు దాన్ని చూసి పక్కకి తప్పుకుంటున్నాయి. మామూలుగా ఎవరికీ దారివ్వని చౌరస్తా ఒక గుడ్డసంచికి దారిచ్చింది.

సుమశ్రీ అటు అడుగేయగానే ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిలేశాడు.

"ఓ అమ్మా! ముట్టకుర్రి దాన్ని!"

"మాదేనండీ."

"పారేసినంక మళ్ళ దీస్కపోతరా ఎవరన్న?"

"అందులో మా పాస్‌పోర్టులున్నాయి. విదేశాలకి వెళ్ళాలి."

కానిస్టేబుల్ ఆమెని చూశాడు, కేదార్‌ని చూశాడు, గొంతు తగ్గించాడు. "అంటె మీరు పోకుండ ఎవలో గట్టిగనే జేసిండ్రు. అన్నా, జర మీ ఇంటామెను దూరం జరుపు."

"సుమా, కర్రేదైనా దొరుకుతుందేమో చూడనా?" అన్నాడు కేదార్.

సుమశ్రీ వంగి చేత్తోనే తీసింది. పక్కనే ఆటో ఎక్కబోతున్న ఒకావిడ కాలు వెనక్కి తీసుకుంది. మూట విప్పితే పాస్‌పోర్టులు అట్టలకి పసుపంటుకుని పెళ్ళి శుభలేఖల్లా ఉన్నాయి. కానీ ధర కేదార్ అంకెని దాటిపోయింది.

"పోనీలే సుమా. గోవా అయినా..." అన్నాడాయన. ఓదార్పు కాస్త తొందరగానే వచ్చింది.

ఆమె మెట్రో మెట్ల మీద కూర్చుంది. ఆ గుండ్రటి చెత్త గీతనే కాసేపు చూసింది. పొద్దుటి నుంచి ఎంతమంది దాటిపోయి ఉంటారు! ఒక్కరైనా విప్పి చూడలేదు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు కూడా. ఉగాది నుంచి తను మాత్రం ఏం చేసింది? రోజులు మార్చింది, వేళలు మార్చింది. రోమ్‌ని మాత్రం ఒక్కసారీ కదిపి చూడలేదు. పాఠం రోమ్‌తో మొదలైంది కాబట్టి ప్రయాణమూ అక్కడే మొదలవ్వాలని తనకెవరు చెప్పారు?

ఊళ్ళని తిరగేసింది. మొదట పారిస్, చివర రోమ్. ఫోన్ కాసేపు ఆలోచించి, ఇన్నాళ్ళూ చూపించని దారొకటి చూపించింది. శుక్రవారం హైదరాబాద్ నుంచి కొలంబో, అక్కడ విమానం మారి పారిస్. పొద్దుటి ధర కంటే తక్కువ. పాస్‌పోర్టు నంబర్లు చూసి నింపింది.

"ఏవండీ, మీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటుంది. చెప్పండి."

కేదార్ ఒక్కో అంకే పలికాడు, గోవాకి వీడ్కోలు చెబుతున్నట్టు. టికెట్లు వచ్చాయి.

వెంటనే అత్తగారికి ఫోన్ చేసింది. "మొదట దక్షిణానికి వెళ్తున్నామండీ, కొలంబోకి. శనివారం అక్కణ్ణించి పడమటికి."

అవతల పంచాంగం కాగితాలు తిరిగిన చప్పుడు. "శుక్రవారం దక్షిణానికి శూల లేదు. శనివారం పడమటికీ లేదు." కాస్త ఆగి, "పంజాగుట్ట మనకి దక్షిణమే కదూ? చూశావా, ప్రస్థానం తన దిక్కు తనే వెతుక్కుంది. అన్నట్టు ఇడ్లీ పాత్ర మాడిపోయిందమ్మా. ఆ సంచిని మాత్రం గడప దాటించకు. అసలే ప్రస్థానం, ఆపైన చౌరస్తాలో కూర్చుని వచ్చింది."

సంచి మళ్ళీ ఉంచుకోమంటే పోచమ్మ తలుపు సందులోంచే వద్దని చెయ్యూపింది. అందుకని వీసాకి ఇచ్చేదాకా పాస్‌పోర్టులు అదే సంచిలో, గుమ్మం బయట చెప్పుల స్టాండు పై అరలో ఉన్నాయి. ఆ స్టాండుకి తాళం లేదు. సుమశ్రీ సంచికి ఇంకాస్త పసుపు మాత్రం రాసింది.