కట్టేసిన పన్ను

ఆ శనివారం పొద్దున బుర్మాకాన్ అనుకున్నది చాలా చిన్న పని. మనవరాలు నాజిక్‌కు జడ వేసి, టీ నీళ్ళకు సమోవార్ రాజేసి, పక్కింటి ఉమ్సునైను టీకి పిలవాలి. అంతే. జడ సగంలో ఉండగా పిల్ల ఆవలించింది. తంటా అంతా అక్కడ మొదలైంది.

తొమ్మిదేళ్ళొచ్చినా నాజిక్‌కు పై వరసలో ముందు పళ్ళు రెండూ రాలేదు. చిగుళ్ళలోనే అడ్డం తిరిగి ఉండిపోయాయని ఎక్స్‌రేలో తేలింది. నవ్వొస్తే పిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. ఈమధ్య నవ్వడమే మానేసింది. కోడలు చొల్పొన్ రెండు నెలల కిందట పట్నం తీసుకెళ్ళి ముందుగా ఒక పంటికి వైద్యం మొదలుపెట్టించింది. ఏం చేశారని అడిగితే, పన్నును దారిలో పెట్టారత్తయ్యా అని ఒక్క ముక్క చెప్పి బేకరీ పనికి వెళ్ళిపోయింది. తీరా ఇప్పుడు ఆవలింతలో చూస్తే, చిగురులోంచి సన్నటి బంగారు గొలుసు ఒకటి దిగి ఉంది. దాని కొసను పక్క పళ్ళ మీది తీగకు కట్టేశారు.

బుర్మాకాన్ జడ వదిలేసింది. పన్నును కట్టేస్తే అది బయటికెలా వస్తుంది? అడుగులు నేర్చే బిడ్డ కాళ్ళకు నలుపూ తెలుపూ దారం చుట్టి, పరుగు పందెం పెట్టి, గెలిచినవాళ్ళ చేత ఆ దారం కోయిస్తేనే కదా బిడ్డ తడబడకుండా నడిచేది. నాజిక్‌కు ఏడాది నిండినప్పుడు ఆ తుషో వేడుక తానే చేయించింది. అదీ వానరోజున, నలుగురంటే నలుగురు పిల్లలతో, మొక్కుబడిగా. ఆనాటి లోటే ఇప్పుడు పళ్ళకు తగులుకుందని ఆమెకు అప్పటికప్పుడే తేలిపోయింది.

డాక్టరు ముట్టుకోవద్దన్నారని నాజిక్ గొణిగింది. ముట్టుకోను తల్లీ, కోస్తానంతే, అని బుర్మాకాన్ గోళ్ళ కత్తెర కోసం వెతుకుతుండగా ఉమ్సునై వచ్చి సంగతి విని తల అడ్డంగా ఊపింది.

"నీ చేత్తో కోస్తావా? రెండు మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకు కూర్చుంటావు. ఆ పన్నుకు నీ నడకే వస్తుంది, చూసుకో."

మాటలో న్యాయం ఉంది. చురుకైన కాళ్ళున్నవాళ్ళే కోయాలి, అంటే పందెం ఉండాలి. పందెమంటే పిల్లలు, పిల్లలంటే నూనెలో వేయించే పిండిముద్దలు, బోర్సోక్‌లు. నూనె కాగిన వాసన వీధి దాటగానే ఆడవాళ్ళు ఒక్కొక్కరే పిండి పట్టుకుని వచ్చేశారు. ఇంతమంది వచ్చాక గొర్రెను కోయకపోతే ఇంటి పరువేం కానూ అని ఒక పెద్దాయన అన్నాడు. చలికాలానికని మేపుతున్న గొర్రె కాస్తా మధ్యాహ్నానికి కళాయిలో ఉడుకుతోంది. గొర్రెనే కోశాక పిల్లల పందెంతో సరిపెడితే ఏం బాగుంటుందని పెద్దవాళ్ళ పందెం కూడా చేర్చి, అందులో గెలిచినవాళ్ళే గొలుసు కోయాలన్నారు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. బుర్మాకాన్ ఇంట్లో తుషో అని కబురు పాకింది గానీ, ఎవరికన్నది దానితోపాటు పాకలేదు. ఆ ఇంట్లో ఏడాది బిడ్డ లేదని అందరికీ తెలుసు. తెలిసినా బుల్లి బూట్లు, ఉన్ని టోపీలు పట్టుకుని వచ్చేశారు. చొల్పొన్ గుట్టుగా ఇంకో బిడ్డను కని ఏడాదిపాటు ఎక్కడో దాచిందని కొందరు తేల్చేశారు. అటు పట్నం బేకరీలో చొల్పొన్‌కు వరసగా ఫోన్లు. మొదటావిడ శుభాకాంక్షలు చెప్పింది. రెండో ఆవిడ, మాతో కూడా చెప్పలేదేమే అని నిష్ఠూరమాడింది. మూడో ఆవిడ మాత్రం, నాజిక్ నోట్లో ఏదో కోస్తారటగా అంది. చొల్పొన్ పిండి చేతులతోనే డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

ఈలోగా గోళ్ళ కత్తెర దొరకలేదని ఉమ్సునై గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చి పళ్ళెంలో పెట్టింది. పందెం ముగిసేచోట వీధిలో పరిచిన తివాచీ మీద కూర్చున్న నాజిక్ దాన్ని చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అటు పొలిమేరలో ఈల మోగింది. పెద్దవాళ్ళ పందెం మొదలైంది.

"నానమ్మా, గొలుసు తెగితే పన్ను మళ్ళీ లోపలే ఉండిపోతుందట. చిగురు మళ్ళీ కోయాలట. డాక్టరు చెప్పారు," అంది నాజిక్ వేళ్ళ సందుల్లోంచి.

"ఆ మాట పొద్దున్నే చెప్పొద్దుటే?"

"చెప్పబోయాను. నువ్వు కత్తెర వెతుక్కుంటున్నావు."

 మొదటి కోత నాడు పిల్ల రాత్రంతా ఏడవడం బుర్మాకాన్ చెవుల్లోనే ఉంది. ఆపమని చెయ్యి ఊపింది, చూసినవాళ్ళు హుషారుపరుస్తోందనుకున్నారు. ముందు వస్తున్నది డ్రిల్లు మాస్టారు బెక్తూర్. పదేళ్ళుగా ఏ పందెంలోనూ ఓడని మనిషి, గెలిచిన హక్కు వదులుకునే రకం కాదు. ఆమె కత్తెరను పావడా కింద దాచుకుని దాని మీదే కూర్చుంది.

అప్పుడే బేకరీ బండి ఒకటి జనం అడ్డుగా ఉండి వీధి మొదట్లో ఆగిపోయింది. అందులోంచి తెల్లకోటు వేసుకున్న యువకుడొకడు దూకి, సంచీ చంకన పెట్టుకుని పరుగందుకున్నాడు. పళ్ళ డాక్టరు తిలెక్. ఆపండి, ఆపండి అని అతను అరుస్తుంటే, రండి రండి అన్నట్టుగా జనం ఈలలు వేశారు. బెక్తూర్ వెనక్కి చూశాడు. చూడకుండా ఉండాల్సింది. డాక్టరు రెండంగల ముందు ముగింపు గీతగా పరిచిన తాడు దాటాడు.

గెలిచినవాడు ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. ఎవరో అతనికి బహుమానంగా చపాన్ అనే పొడుగాటి అంగీ తొడిగారు. ఎవరో బుర్మాకాన్ కింది నుంచి కత్తెర లాగి చేతిలో పెట్టారు. వెనకే ఆయాసపడుతూ వచ్చిన చొల్పొన్ అత్త వంక చూసిన చూపుకు పాలు విరిగిపోయేవి. బుర్మాకాన్ తలెత్తలేకపోయింది.

"బాబూ, తప్పు నాది. మూర్ఖురాలిని. పిల్లను మాత్రం మళ్ళీ కోయకు," అంది.

డాక్టరు కత్తెర అవతల పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని నాజిక్ నోట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. 

"వచ్చే వారం రమ్మన్నాను గానీ, ఇవాళే చూడటం మంచిదైంది. పన్ను కిందికి దిగింది. గొలుసు వదులైపోయింది. ఇలా వదిలేస్తే ఇక లాగదు. రెండు లంకెలు కోసి మళ్ళీ బిగించాలి," అన్నాడు.

"కోయాలా?" అంది బుర్మాకాన్.

"కోయాలి," అన్నాడు డాక్టరు, కాస్త ఇబ్బందిగా.

సంచీలోంచి చిన్న కటింగ్ ప్లయరు తీసి టుక్కుమని కోశాడు. ఆ చప్పుడుకు వీధి వీధంతా హోరెత్తిపోయింది. పన్నును లాగేది గొలుసేననీ, పరుగుకూ దీనికీ సంబంధం లేదనీ డాక్టరు గొలుసు బిగించి నిలబడి చెప్పబోయాడు. ఉమ్సునై అతని నోట్లో వేడి బోర్సోక్ పెట్టింది. చపాన్ కింద తెల్లకోటు వేలాడుతూ, బుగ్గ ఉబ్బి, అటూ ఇటూ చూస్తున్న డాక్టరును చూసి నాజిక్ నవ్వింది. చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. చిగురు అంచున తెల్లగా బియ్యపు గింజంత పన్ను.

అత్తను కడిగేద్దామని వచ్చిన చొల్పొన్ ఆ గింజను చూసి, వచ్చిన పని మరిచిపోయి, అత్త భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. బుర్మాకాన్ కూడా ఏడ్చింది. ఎందుకేడుస్తున్నారో తెలియకపోయినా ఉమ్సునై కూడా ఏడ్చింది.

సాయంత్రం డాక్టరు నాజిక్ కార్డు తీసి, రెండు లంకెలు తొలగించడమైనది అని రాశాడు. వైద్యం జరిగిన స్థలం అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి, 'పరుగు పందెం ముగింపు గీత' అని నింపాడు.