రెండో బ్యాచ్‌కి ఒకరు తక్కువ

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. కూతురు ఫోటోలు తీయించుకుని వచ్చేలోగా తండ్రి వరుసలో ఆమె చోటు కాపాడాలి. యూనివర్సిటీలో మొదటి ఏడాది వాళ్ళంతా ఒక విదేశీ భాష ఎంచుకోవాలి. ఆమె ఎంచుకున్నది చైనీస్. దానికి తోడు చైనా చరిత్ర, కుంచెతో అక్షరాలు రాయడం. వేసవి అంతా విని విని, రిటైరైన ఆ లెక్కల మాస్టారికి కోర్సుల పేర్లన్నీ నోటికొచ్చేశాయి. భార్య పోయాక ఇంట్లో వినబడే మాటలు కూతురివే కనుక ఆయన ఒక్కటీ వదులుకునేవారు కాదు.

"నాన్నా, ఎవరొచ్చినా నీ చోటు ఇవ్వకు. నీ సంగతి నాకు తెలుసు."

"అదేమిటే, ఆ మాత్రం నిలబడలేనా?"

పక్కగదిలోని ఫ్రెంచి వరుస మెట్ల దాకా పాకింది. చైనీస్ గది ముందు మాత్రం ఈగలు తోలుకోవడానికి కూడా మనిషి లేడు. లోపల టీచరమ్మ దిగాలుగా కూర్చుని ఉంది. తగినంతమంది చేరకపోతే ఈ ఏడాది చైనీస్ ఎత్తేస్తారని ఆమె చెప్పగానే మాస్టారి గుండె జారిపోయింది.

ఏం చేయాలో తోచక గుమ్మంలో వచ్చి నిలబడ్డారు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు చూసి, కళ్ళజోడు పెట్టుకున్న ఒకమ్మాయి ఆయనే పాఠం చెప్పే సారు అనుకుంది. చైనీస్ బాగా కష్టమా అని అడిగింది.

"నాకూ ఒక్క ముక్క రాదమ్మా. దానికి భయమెందుకు?" అన్నారు మాస్టారు, ఉన్నమాటే.

తనకే రాని సారు పరీక్షలో ఎవర్ని మాత్రం తప్పిస్తాడు? ఈ కబురు ఫ్రెంచి వరుసలో చివరిదాకా పాకింది. ముందు ఇద్దరొచ్చారు, తర్వాత నలుగురు, ఆ పైన గుంపులు గుంపులుగా వచ్చారు. ఇంకేం కోర్సులు తీసుకోవాలని అడిగినవాళ్ళకు మాస్టారు చరిత్ర, కుంచెరాత అని గడగడా అప్పజెప్పారు. వచ్చిన ప్రతివాణ్ణీ మురిపెంగా చూసి, "నువ్వు వెళ్ళు బాబూ, నువ్వు వెళ్ళమ్మా" అంటూ పక్కకు జరిగారు.

కూతురు తిరిగి వచ్చేసరికి ఆయన వరుసలో అందరికన్నా చివర, వెలిగిపోతూ నిలబడి ఉన్నారు.

"చూశావా, చైనీస్ బతికింది!"

"మరి నా సీటో నాన్నా?"

అప్పుడే టీచరమ్మ బయటికొచ్చి సీట్లు నిండిపోయాయని, వరుసలో మిగిలినవాళ్ళకు ఇక లేవని చెప్పింది. మాస్టారి మొహం వాడిపోయింది. కూతురు తిట్టలేదు. అదే ఆయనకు మరీ బాధనిపించింది.

"సార్ వాళ్ళమ్మాయికే సీటు లేదంటారేమిటి?" అని అడ్డుపడింది కళ్ళజోడు అమ్మాయి.

"ఏ సారు?" అంది టీచరమ్మ.

సంగతంతా బయటపడింది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు గానీ ఒక్కరూ కదల్లేదు. మళ్ళీ ఫ్రెంచి వరుసలో చివర నిలబడే ఓపిక ఎవరికుంది? పొద్దున బల్ల సర్దుకుని ఇంటికి పోదామనుకున్న టీచరమ్మ పరుగున విభాగం పెద్దాయన గదికి వెళ్ళి, రెండో బ్యాచ్‌కి అనుమతి తెచ్చింది. తీరా లెక్క చూస్తే ఆ బ్యాచ్ నడపడానికి ఒకరు తక్కువయ్యారు. వయసు అడ్డు కాదట.

"మీరు చేరతారా మాస్టారూ?"

ఆయన కూతురి వైపు చూశారు. ఆమె అప్పటికే ఆయన చంకలోంచి ఫైలు తీసుకుంటోంది.

"చేరు నాన్నా. రోజూ కలిసే రావచ్చు."

ఇంట్లో ఒంటరిగా గడపాల్సిన మధ్యాహ్నాలు ఆయన కళ్ళముందు నుంచి ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. తలూపి, రెండు చేతులూ ఎత్తి టీచరమ్మకు దణ్ణం పెట్టారు.

మొదటి వారంలోనే టీచరమ్మ తండ్రీకూతుళ్ళను వేర్వేరు బెంచీల్లో కూర్చోబెట్టింది. మాస్టారు క్లాసులో కబుర్లు ఎక్కువ చెబుతున్నారట.