కుళాయిలో గాలి వస్తే తప్పేమిటి?

కుళాయి తిప్పితే నీళ్లే రావాలని ఎవరు చెప్పారండీ?

నన్నడిగితే గాలి రావడమే మేలు. గాలికి క్యూ లేదు, బిందెల కొట్లాట లేదు. కాచి వడపోయనక్కర్లేదు. ఫ్లోరైడ్ భయం లేదు, పళ్లు పచ్చబడవు. దోమలు గుడ్లు పెట్టవు. మోటారు తిరుగుతుంది, కుళాయి పలుకుతుంది, రిపోర్టులో పథకం బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇన్ని సుగుణాలున్న సరుకును పట్టుకుని ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా జనం ఆడిపోసుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే చిన్నమిట్ట సంగతి చెప్తాను. విన్నాక మీరే తేల్చండి.

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది చిన్నమిట్ట. అరవై గడపలు, వాటికి పదింతల గొర్రెలు. మూడేళ్ల కిందట ఆ ఊరికి పైపులైన్ వేశారు. నీళ్లు జలాశయం దగ్గర బయల్దేరి, ఊరికి ముందున్న మిట్ట ఎక్కి, దిగి, కుళాయిల్లోకి రావాలి. ప్రారంభోత్సవం రోజు వచ్చాయి కూడా. ఆ పొద్దున్నే ఊరి ట్యాంకును ట్యాంకరుతో నింపారని గిట్టనివాళ్లు అంటారు. మర్నాటి నుంచి మాత్రం కుళాయి తిప్పితే సుయ్యిమని గాలి.

ఆ ఊళ్లో గొర్రెలు కాచుకుని బతికే కుళ్లాయప్ప, సంజీవమ్మ దంపతులున్నారు. వాళ్ల కోడలు యశోద పులివెందులలోని పుట్టింటికి పురిటికి వెళ్లి ఆడపిల్లను కంది. మూడో నెల పోయింది, ఐదో నెల వచ్చింది, కోడలు రాలేదు. సంజీవమ్మ తీసుకొద్దామని వెళ్లింది. యశోద కొట్లాడలేదు, ఏడవలేదు. ఒకటే మాట చెప్పింది.

"కడుపుతో ఉన్నప్పుడు కిలోమీటరు దూరం పోయి బోరు కాడ నుంచి నీళ్లు మోసినా అత్తా. ఇప్పుడు సంకలో బిడ్డ ఉండాది. కుళాయిలో నీళ్లొచ్చిన దినం ఫోన్ చెయ్యి. ఆ పొద్దే వస్తా."

అందులో అబద్ధం ఏమీ లేదు కాబట్టి సంజీవమ్మ ఒక్కతే వెనక్కి బయల్దేరింది. మనవరాలు పాలు కక్కిన కొంగును గుప్పిట్లో పట్టుకుని బస్సులో కూర్చుంది. ముద్దనూరు దాకా దాన్ని వదల్లేదట.

మీకు ఇది కష్టంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆడపిల్లకూ పుట్టింటికీ బంధాన్ని గాలి ఎంత గట్టిపరిచిందో కనిపిస్తుంది!

ఊరి వాళ్లు నీళ్ల ఆఫీసుకు వెళ్లారు. అక్కడి ఇంజినీరు మహేంద్ర కుర్రవాడు, మర్యాదస్తుడు. ప్రెషర్ చాలడం లేదని పెద్ద మోటారు పెట్టించాడు. పెట్టిన నాలుగో రోజున మిట్ట దిగువన రెండు పైపుల్ని కలిపే కప్లింగ్ పగిలింది. అతికించారు. మళ్లీ పగిలింది. మూడోసారికి అక్కడ చిన్న కుంట తయారైంది, సంజీవమ్మ మంద అందులో హాయిగా నీళ్లు తాగింది. మనుషులకు కుళాయి, గొర్రెలకు కప్లింగ్! ఇలా వేరువేరుగా ఏర్పాటు చేసిన పథకం మీరెక్కడైనా చూశారా?

కుళ్లాయప్పకు ఎవరో చెబితే ప్రొద్దుటూరు వెళ్లి జియావుల్లాను కలిశాడు. జియావుల్లా జేసీబీల చేతిని ఆయిలు ఒత్తిడితో ఎత్తే హైడ్రాలిక్ జాకీలు బాగుచేసే మెకానిక్. చెప్పిందంతా విని, మోటారు సంగతి అడగనే లేదు.

"ఆయిల్లో గాలి చేరితే జేసీబీ చెయ్యి గూడా ఇట్లనే మొండికేస్తాది మామా. పంపు పెద్దది పెడితే పోదు, గాలికి దారి ఇడిస్తే పోతాది. మీ లైన్లో శానా ఎత్తు తావు యాడుంది?"

మర్నాడు బండి మీద వచ్చి, లైన్ వెంబడే మిట్ట ఎక్కాడు. పైపులోని గాలి ఎత్తైన చోట చేరి నీళ్లకు అడ్డం పడుతుందని, అందుకే అక్కడ ఎయిర్ వాల్వ్ పెడతారని కుళ్లాయప్పకు చెప్పాడు. దాని లోపల ఒక బంతి ఉంటుంది. గాలి చేరితే బంతి కిందికి జారి గాలిని వదులుతుంది, నీళ్లు రాగానే తేలి మూసుకుంటుంది.

మిట్ట నెత్తిన వాల్వ్ కనిపించలేదు. సిమెంటు అరుగు, దాని మీద పదకొండు పేర్లతో నల్లరాతి శిలాఫలకం కనిపించాయి. జియావుల్లా అరుగు పక్కన తవ్వి చూశాడు. వాల్వ్ అరుగు కడుపులో ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లకు పేర్లు కనబడాలంటే ఊళ్లో అంతకన్నా ఎత్తైన చోటు లేదు మరి.

మహేంద్ర వచ్చి చూశాడు. చూడగానే అర్థమైంది, ముఖం పాలిపోయింది. కానీ ఆ రాయిని కదపాలంటే అనుమతి కావాలన్నాడు. పైకి రాశాడు. రెండు నెలలకు జవాబొచ్చింది: రాతి మీద పేర్లున్న పెద్దలందరి సమ్మతీ తీసుకోవలెను. పదకొండు మందిలో నలుగురు పార్టీ మారారు, ఇద్దరికి ఒకరి మొహం ఒకరు చూస్తే పడదు, ఒకాయన కాలం చేశారు.

పాప పాకుతోందని యశోద ఫోన్లో చెప్పిన రోజు మధ్యాహ్నం సంజీవమ్మ గడ్డపార తీసుకుంది. కేసు పెడతారే అని కుళ్లాయప్ప అడ్డం నిలబడ్డాడు.

"పెట్టనీ," అంది. "ఆ బిడ్డ నడిచొచ్చేదాకా ఈ రాయికి కావిలి కాయమంటావా?"

కుళ్లాయప్ప పక్కకు జరిగాడు. తర్వాత తనే ఒక చెయ్యి వేశాడు. రాయి పగలకుండా ఊడదీసి, కంబళిలో చుట్టి, గొర్రెల దొడ్డిలో నీడన పెట్టారు. కబురందుకుని వచ్చిన జియావుల్లా అరుగు పగలగొట్టి వాల్వ్ మూత వదులు చేశాడు. గాలి దుమ్మెత్తుకుంటూ అరిచింది. పావుగంట అలా అరిచి, చిమ్మి, చివరికి నీళ్లు ఎగిరాయి. బంతికి పట్టిన మట్టి కడిగి మళ్లీ మూత బిగించాడు.

ఊళ్లో కుళాయి దగ్గింది, ఎర్రనీళ్లు కక్కింది, ఆ తర్వాత తేటగా పారింది. సంజీవమ్మ బిందె పెట్టడం మరిచిపోయి చెయ్యి పెట్టి నిలబడింది. యశోదకు ఫోన్ చేసింది. ఫోన్‌ను ధార పక్కన పట్టుకుంది. సాయంత్రం బస్సులో యశోద బిడ్డతో దిగింది.

మూడో రోజు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. శిలాఫలకం కదిలించినందుకు క్షమాపణ రాసివ్వాలట. ముద్దనూరులో అర్జీలు రాసేది నేనే కాబట్టి నా దగ్గరికి వచ్చారు. శ్రద్ధగా రాశాను: "అయ్యా, అనుమతి లేకుండా గాలిని వదిలినందుకు, తదుపరి నీళ్లు తాగినందుకు మిక్కిలి చింతిస్తున్నాము. శిలాఫలకం మా గొర్రెల దొడ్డిలో క్షేమముగా ఉన్నది. ఏ పేరుకూ గీత పడలేదు."

సంజీవమ్మ వేలిముద్ర వేసింది. కాగితం నేనే తీసుకెళ్లాను. మహేంద్ర రెండుసార్లు చదివాడు, నవ్వలేదు. ముద్ర కొట్టి ఫైల్లో పెట్టాడు. తర్వాత లేచి, గది తలుపు దగ్గరకు వేసి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ప్రొద్దుటూరు మెకానిక్ నంబరు ఇస్తారా సార్? మా లైన్ల మీద ఇట్లాంటి అరుగులు ఇంకో ఏడు ఉండాయి."